పళ్లెం మారితే మాత్రా మారాలి
(మన సంఘం ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక గుమ్మం దగ్గర పచ్చడి పంచుతుంటే గమనించాను. మనవాళ్లలో సగం మంది అర చెంచా పుచ్చుకుని "షుగరండీ" అని పక్కకి తప్పుకున్నారు. కార్యదర్శిగారు నన్ను షుగరు గురించి మాట్లాడమన్నారు. షుగరు పెరిగితే ఏమవుతుందో ఇక్కడ నాకన్నా బాగా చెప్పేవాళ్లున్నారు. నేను షుగరు పడిపోవడం గురించి చెబుతాను. అన్నం మానేసినవాళ్లకి, మానేద్దామనుకుంటున్నవాళ్లకి మరీ ముఖ్యంగా చెబుతాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో 1979లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, 2007లో సుబేదారుగా రిటైరయ్యాను. ఆ 28 ఏళ్లలో ఎన్నో బ్యాచ్‌లకి ఫస్ట్ ఎయిడ్ క్లాసులు చెప్పాను. ఆ క్లాసుల్లో "షుగరు డౌన్ అయితే" అనే పాఠం కూడా ఉండేది. ఇంత తెలిసినవాణ్ని నేనే ఎలా బోల్తా పడ్డానో చెబితే మీకు ఉపయోగపడుతుందని ఇక్కడ నిలబడ్డాను.

మొదట సర్వీసు నాటి సంగతి ఒకటి. 1993లో నేను ఒక ఫీల్డు యూనిట్‌లో ఉండగా, సాయంత్రం రోల్‌కాల్ వేళ ఒక డ్రైవర్ని ఇద్దరు జవాన్లు రెక్కలు పట్టుకుని తెచ్చారు. మాట తడబడుతోంది, కాళ్లు నిలవడం లేదు, పెద్దవాళ్లని ఏకవచనంలో తిడుతున్నాడు. తాగాడని తేల్చేశారు. క్వార్టర్ గార్డుకి పంపే ముందు మెడికల్ కావాలి కాబట్టి ఎం.ఐ. రూముకి తెచ్చారు. దగ్గరికెళ్తే వాసన లేదు. యూనిఫాం మాత్రం చెమటతో ముద్దయిపోయి ఉంది. అప్పట్లో రంగు చూసి లెక్కకట్టే స్ట్రిప్పులుండేవి. పెడితే అడుగుకి దగ్గరగా చూపించింది. డాక్టరు సాబ్ చెప్పగానే 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించాను. నాలుగైదు నిమిషాల్లో లేచి కూచుని, "ఉస్తాద్, నేనిక్కడికెలా వచ్చాను?" అన్నాడు.

కూపీ లాగితే అసలు సంగతి బయటపడింది. సెలవులో ఇంటికెళ్లినప్పుడు షుగరుందని తెలిసింది. యూనిట్‌లో చెబితే కేటగిరీ పడిపోతుందని దాచాడు. ఊళ్లో డాక్టరు రాసిన మాత్రలు కిట్టు పెట్టెలో పెట్టుకుని దొంగచాటుగా మింగుతున్నాడు. ఆ రోజు కాన్వాయ్ ఆలస్యమై మధ్యాహ్నం లంగరు దొరకలేదు. మాత్ర మాత్రం కడుపులో పడింది. మూడు టన్నుల బండి వెనక పన్నెండు మంది కూచుని ఉన్నారు. దేవుడి దయవల్ల బండి ఆపాకే పడిపోయాడు.

ఆ డ్రైవర్ని ఆ రోజు నేను చాలాసేపు మందలించాను. పాతికేళ్ల తరవాత అదే పని నేను చేశాను.

నాకు షుగరు 2009లో బయటపడింది. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి మెటోప్రొలాల్. మాత్రలు మింగుతూనే మూడు పూటలా మన పద్ధతిలోనే తినేవాణ్ని. మీటరు 220, 240 చూపించేది. మీకు గుర్తుండే ఉంటుంది, 2017, 2018లలో మన తెలుగునాట అన్నం మానెయ్యడం ఒక ఉద్యమంలా సాగింది. మా తమ్ముడు ఊళ్లో పది కిలోలు తగ్గి ఫోటో పంపించాడు. మనం ఫౌజీలం కదా, ఆర్డరు అయితే చాలు, మధ్యలో సందేహాలుండవు. 2018 నవంబరులో ఒక సోమవారం నుంచి అన్నం, ఇడ్లీ, చపాతీ, పళ్లు అన్నీ బంద్. గుడ్లు, చికెను, చేపలు, పనీరు, ఆకుకూరలు, నెయ్యి. మా ఆవిడ నాకు తోడుగా ఉండాలని ఇంట్లో పంచదార డబ్బా, బెల్లం, బిస్కెట్లు అన్నీ తీసి పనమ్మాయికిచ్చేసింది.

ఫలితం బ్రహ్మాండంగా కనిపించింది. పది రోజుల్లో మీటరు 240 నుంచి 130కి దిగింది. తరవాత 110, 95. నెలకి అయిదు కిలోలు తగ్గాను. వాకింగ్‌లో మన మిత్రులకి నేనే ఉపన్యాసాలు. మాత్రలు మాత్రం పాతవే, పాత లెక్కే. "ఇంత బాగా పని చేస్తుంటే ఎందుకు కదపడం" అనుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చెబితే అన్నం తినమంటాడేమోనని కొంచెం భయం కూడా ఉంది. దాచిపెట్టడమంటే ఇదే. డ్రైవరుకీ నాకూ తేడా లేదు.

ఒళ్లు హెచ్చరికలు పంపింది. రాత్రి మూడింటికి బనియను తడిసిపోయేది. పిచ్చి కలలు. పొద్దున లేస్తే తలనొప్పి. "ఏవండీ, డిసెంబరు చలిలో ఈ చెమటేంటండీ?" అని మా ఆవిడ అడిగితే, "కొవ్వు కరుగుతోందిలేవే" అని నవ్వేశాను. అన్నం మానేసిన కొత్తలో నీరు, ఉప్పు ఒంట్లోంచి పోయి తలనొప్పి, నీరసం రావడం మామూలేనని ఎక్కడో విన్నాను. అన్నీ ఆ ఖాతాలోకే రాశాను. మీటరు పొద్దున పరగడుపున పెట్టేవాణ్నే గానీ రాత్రి మూడింటికి ఒక్కసారి పెట్టలేదు.

డిసెంబరులో ఒక రోజు ఆరున్నరకి మాత్ర వేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చాను. ఆలస్యమైందని గుడ్లు తరవాత తినొచ్చనుకుని నల్ల కాఫీ తాగి, మనవరాలిని స్కూటరు మీద బడికి బయల్దేరదీశాను. అప్పుడు దానికి ఏడేళ్లు. మా ఇల్లు ఇక్కడే, ఖడ్కీలో. రోజూ పోయే దారే. ఒక మలుపు దగ్గర ఎటు తిరగాలో నాకు తెలియలేదు. వెనక నుంచి "తాతయ్యా, బడి అటు కదా" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నోరు ముయ్" అన్నాను. దాన్ని ఆ మాట ఎప్పుడూ అనలేదు. అది ఏడుపు మొదలెట్టింది. ఇంకో వంద గజాలు పోయి డివైడరుకి గుద్దాను. వేగం లేదు కాబట్టి బతికిపోయాం. దాని మోకాలు చీరుకుపోయింది.

జనం మూగారు. నేను లేచి నిలబడలేక మళ్లీ కూలబడ్డాను. స్కూటరు మీద ఎక్స్ సర్వీస్‌మన్ స్టిక్కరుంది. అది చూసి ఒకడన్నాడు: "ఫౌజీ హై, సుబే సుబే చఢా కే ఆయా హై." ఆ మాట వినిపించింది గానీ జవాబు చెప్పే శక్తి లేదు. ఆ పక్కన చాయ్ బండి నడిపే పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకు చూసింది. చల్లగా, తడిగా ఉంది. "కాకా, షుగర్ హై క్యా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చాయ్‌లో ఇంకా పంచదార వేసి కలిపి నాకు పట్టించింది. వాళ్లాయనకి కూడా షుగరేనట. పావుగంటకి నేను మనిషినయ్యాను. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూస్తే అంత చక్కెర తాగాక కూడా 61 ఉంది. గుద్దేటప్పుడు ఎంతుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఇది ఎందుకు జరిగిందో చెబుతాను. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. నేను పూటకి 300 గ్రాములకి తక్కువ తినేవాణ్ని కాదు. రెండు పూటల అన్నమే 170 గ్రాముల దాకా వచ్చేది. అదంతా ఒక్కరోజులో 30 గ్రాములకి దించాను. మామూలుగా అయితే దీనికి ఒంట్లో ఏర్పాటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాముల చక్కెర నిల్వ ఉంటుంది. అది తగ్గితే మాంసకృత్తుల నుంచి, కొవ్వు నుంచి కాలేయమే కొత్తగా చక్కెర తయారు చేస్తుంది. మెదడుకి రోజుకి 120 గ్రాముల దాకా గ్లూకోజు కావాలి. కొన్నాళ్లకి కొవ్వు నుంచి వచ్చే కీటోన్లతో కొంత సర్దుకుంటుంది. అందుకే మందులేవీ వాడని ఆరోగ్యవంతుడు అన్నం మానేసినంత మాత్రాన సాధారణంగా షుగరు ప్రమాదంగా పడిపోదు. ఒకవేళ పడిపోతుంటే వేరే కారణం ఉందేమో పరీక్ష చేయించాలి.

మాత్ర వేసుకునేవాడి సంగతి వేరు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇవన్నీ సల్ఫొనైలూరియా జాతి. ఇవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తీస్తాయి. మీరు అన్నం తిన్నారా, గుడ్డు తిన్నారా, ఏమీ తినలేదా అని అవి అడగవు. వచ్చిన ఇన్సులిన్ రక్తంలో చక్కెరని లోపలికి తోసెయ్యడంతో ఆగదు. కాలేయంలోని స్టోరుకి తాళం కూడా వేస్తుంది. అంటే బయటి నుంచి రేషను రాదు, లోపలి స్టోరు తెరవరు. లంగర్లో ఇండెంటు స్ట్రెంగ్తుని బట్టి పెడతాం కదా. కంపెనీలో సగం మంది సెలవు మీద పోయినా పాత ఇండెంటే నడిపితే ఏమవుతుంది? నా మాత్ర రెండు పూటల అన్నానికి రాసిన ఇండెంటు. అన్నం సెలవు మీద పోయింది. ఇండెంటు మారలేదు.

ఈ మాత్రల పుట్టుకే దీనికి సాక్ష్యం. 1942లో ఫ్రాన్సులోని మాంపెల్యేలో టైఫాయిడు రోగులకి కొత్త సల్ఫా మందు ఒకటి ఇచ్చి చూశారు. సరిగా తిండి లేని ఆ రోగుల్లో కొందరికి షుగరు పడిపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. షుగరు తగ్గించే మాత్రల జాతి అక్కణ్నుంచి వచ్చింది. తిండి తగ్గినవాడి మీద ఈ మందు ఎలా పని చేస్తుందో పుట్టినరోజునే తెలిసిందన్నమాట.

ఆహారంలో పిండి తగ్గించడం కూడా కొత్త కాదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కునే దాకా షుగరుకి ఉన్న చికిత్స దాదాపు అదే. కనుక్కున్న ఫ్రెడరిక్ బాంటింగ్ మన బాపతే, కెనడా ఆర్మీ మెడికల్ కోర్‌లో పని చేసి, 1918లో ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడి, మిలిటరీ క్రాస్ అందుకున్నవాడు. 1922లో ఇన్సులిన్ రోగులకి ఇవ్వడం మొదలయ్యాక షుగరు మరీ పడిపోవడం అనే కొత్త సమస్యా వచ్చింది. తిండీ మందూ ఒకదానికొకటి సరిపోవాలన్న పాఠానికి వందేళ్లు దాటాయి.

ఇక చెయ్యవలసినవి.

మొదటిది, అన్నం తగ్గించే ముందే మాత్రల చీటీ పట్టుకుని పాలీక్లినిక్‌కి వెళ్లండి. "సాబ్, ఫలానా తారీఖు నుంచి అన్నం తగ్గిస్తున్నాను, డోసు ఏం చెయ్యాలి?" అని అడగండి. సల్ఫొనైలూరియా, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఇది తప్పనిసరి. అలాగని ఇన్సులిన్ మీ అంతట మీరు మానెయ్యకండి, అదీ ప్రమాదమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు పడిపోవడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. అన్నం బాగా మానేస్తే వాటితో షుగరు మామూలుగా ఉండగానే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటరు చూసి ధైర్యపడకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

రెండోది, లక్షణాలు గుర్తుపట్టండి. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసకబారడం, మాట తడబడడం, కారణం లేని కోపం. నాకు వణుకూ దడా ఎందుకు తెలియలేదంటే మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాటిని కప్పేస్తాయి. చెమటని కప్పలేవు. చల్లటి చెమట పడితే మీటరు పెట్టండి. 70కి తక్కువైతే షుగరు డౌన్. 54కి తక్కువైతే గండం. ఇంకో సంగతి. ఏళ్ల తరబడి 250 మీద ఉన్నవాడికి 110కి దిగినా వణుకు పుట్టొచ్చు. అది నిజమైన డౌన్ కాదు, ఒళ్లు అలవాటు పడుతోందన్నమాట. లడ్డూ నోట్లో వేసుకోకముందు మీటరు చూస్తే ఆ తేడా తెలుస్తుంది. మీటరు దగ్గర లేకపోతే మాత్రం అనుమానం వచ్చినా తియ్యటిదే తీసుకోండి, ప్రాణం ముఖ్యం.

మూడోది, పదిహేను-పదిహేను సూత్రం. 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలు ఆగడం, మళ్లీ మీటరు. ఇంకా 70 దాటకపోతే మళ్లీ 15 గ్రాములు. 15 గ్రాములంటే మూడు టీ చెంచాల గ్లూకోజు పొడో, పంచదారో నీళ్లలో కలిపి తాగడం. అర కప్పు పళ్లరసం అయినా సరే. ఇక్కడే అన్నం మానేసినవాళ్లు తప్పు చేస్తారు. "డైటు పాడైపోతుంది" అని బాదంపప్పు, పనీరు, ఉడికిన గుడ్డు తింటారు. వాటితో షుగరు గబుక్కున లేవదు. చాక్లెట్టులో కొవ్వుంటుంది కాబట్టి అదీ ఆలస్యమే. ఆ 15 గ్రాములు తిండి కాదు, మందు అనుకోండి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకి పంచదార కూడా సరిగా పని చెయ్యదు, గ్లూకోజు పొడే కావాలి. ఇంట్లో తీపి లేకుండా ఊడ్చెయ్యకండమ్మా. మా ఇంట్లో ఆ రాత్రుల్లో నేను లేచి వెతికినా ఒక్క చెంచా పంచదార దొరికేది కాదు.

నాలుగోది, మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుకి ఫోను చెయ్యండి. మన రాష్ట్రాల్లోనూ, ఇక్కడ మహారాష్ట్రలోనూ 108. ఈ మాత్రల వల్ల పడిపోయినవాడు లేచి కూచున్నాడు కదా అని వదిలెయ్యకూడదు. మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది, మళ్లీ పడిపోవచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకి మరీను.

అయిదోది, రమ్ము. నవ్వకండి. క్యాంటీను కార్డు అందరి జేబులోనూ ఉంది. కాలేయం సారాని వదిలించుకునే పనిలో పడితే చక్కెర తయారీ తగ్గిపోతుంది. అన్నం లేదు, స్టోరు ఖాళీ, పైన రెండు పెగ్గులు, మాత్ర. ఆ రాత్రి ఎవరైనా తూలితే తాగి తూలుతున్నాడో, షుగరు పడి తూలుతున్నాడో పక్కవాడికి తెలియదు. దుప్పటి కప్పి పడుకోబెట్టేస్తారు. అలా పడుకున్న మనిషి పొద్దున లేవకపోవచ్చు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఒక మాట. కేటగిరీ భయం నాకు తెలుసు. ప్రమోషను, పోస్టింగు, కోర్సు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. అయినా చేతిలో రైఫిలుంటుంది, స్టీరింగుంటుంది, వెనక పన్నెండు మంది ఉంటారు. దాచిన మాత్ర మిమ్మల్ని ఒక్కళ్లనే ముంచదు.

ఆ తరవాత నా సంగతి. డాక్టరు సాబ్ గట్టిగా చీవాట్లు పెట్టారు. గ్లిమిపిరైడ్ పూర్తిగా తీసేసి మెట్‌ఫార్మిన్ ఉంచారు. అన్నం మానమనీ అనలేదు, తినమనీ అనలేదు. "నువ్వు పదేళ్లు చెయ్యగలిగింది చెయ్యి" అన్నారు. మధ్యాహ్నం ఒక చిన్న గిన్నె కొలిచి అన్నం, మిగతా పళ్లెం నిండా కూర, పప్పు, చేపో గుడ్డో. రాత్రి పెసరట్టో, చికెనో. రాగిసంగటి తింటే పిండి తగ్గుతుందని కొందరనుకుంటారు. రాగుల్లో పీచు ఎక్కువే గానీ పిండి బియ్యానికి మరీ తక్కువేమీ కాదు, అదీ కొలుచుకునే తినాలి. ఇలా ఏడేళ్లు దాటింది, మళ్లీ ఒక్కసారి కూడా 70 కిందికి పోలేదు. స్కూటరు తీసే ముందు మీటరు చూస్తాను. 90కి తక్కువుంటే ఏదైనా తిన్నాకే తాళం చేతికి. ఎప్పుడైనా డౌన్ అయితే తేరుకున్నాక ముప్పావు గంట బండి ముట్టకూడదని నా లెక్క.

ఫౌజులో బడ్డీ అంటారు కదా, మీ ఇంట్లో బడ్డీ మీ ఆవిడే. చెమట సంగతి నాకంటే ముందు ఆవిడే చూసింది. వదినలూ, చెల్లెళ్లూ, మీవారు కారణం లేకుండా కసురుకుంటే తరవాత దెబ్బలాడుకోండి, ముందు వేలు పట్టుకుని మీటరు పెట్టండి.

మనవరాలి మోకాలు వారంలో మానిపోయింది. కానీ రెండు నెలల దాకా నా స్కూటరు ఎక్కలేదు. వాళ్లమ్మ ఎంత చెప్పినా రిక్షాలోనే పోయింది. నేనూ బలవంతపెట్టలేదు. ఒకరోజు తనే వచ్చి, స్కూటరు డిక్కీ తీసి, అందులో గ్లూకోజు ప్యాకెట్టు ఉందో లేదో చూసి, అప్పుడు వెనక కూచుంది. ఇప్పుడు పెద్దదైంది, సైకిలు మీద పోతోంది. డిక్కీలో ప్యాకెట్టు మాత్రం అలాగే ఉంది. ఈ సాయంత్రం ఇంటికెళ్లాక మీ బండి డిక్కీలోనూ ఒకటి పెట్టుకోండి. నా మాటలు ఇంతసేపు విన్నందుకు నాకు అదే బహుమానం.

జై హింద్.